మంత్రసాని, ఏఎన్ఎం, స్టాఫ్ నర్సు, కొత్త మిడ్‌వైఫ్: ఒక్క కాన్పు దగ్గర నలుగురం ఎందుకు కలవలేకపోతున్నాం?

మహేంద్రతనయ (ప్రశ్న)

గజపతి జిల్లాలో, పర్లాకిమిడికి పైన కొండల వైపు ఒక సబ్‌సెంటర్‌లో నేను ఏఎన్ఎంని, అంటే ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్‌ని. ఇంట్లో తెలుగు, డ్యూటీలో ఒడియా, ఊళ్లలోకి వెళ్తే నాకు వచ్చినంత సవర మాట. మా దగ్గర కాన్పు చూసే ఆడవాళ్లు ఇప్పుడు నాలుగు రకాలయ్యారు, ఒకరంటే ఒకరికి పడడం లేదు. ఈ పని తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారని అడుగుతున్నాను.

ఊళ్లలో మంత్రసానులు ఉన్నారు. వాళ్లు కాన్పు చేయడం బాగా తగ్గింది కానీ నొప్పులు మొదలైతే మొదటి కబురు ఇప్పటికీ వాళ్లకే, బిడ్డ పుట్టాక ఒళ్లు పట్టేదీ, స్నానం పోసేదీ, పథ్యం చెప్పేదీ వాళ్లే. తర్వాత మేము. ఒకప్పుడు సబ్‌సెంటర్‌లో కాన్పులు చేసేవాళ్లం, ఇప్పుడు చెకప్‌లు, టీకాలు, రిజిస్టర్లు, మొబైల్లో ఎంట్రీలు. ఆపైన ఆసుపత్రి లేబర్ రూమ్‌లో స్టాఫ్ నర్సులు. ఈ మధ్య, ఏడాదిన్నర మిడ్‌వైఫరీ ట్రైనింగ్ చేసిన సిస్టర్ ఒకామె మేము కేసులు పంపే ఆసుపత్రికి వచ్చారు.

ఇటీవల ఒక సవర అమ్మాయిని పంపించాను, తొలి కాన్పు. ఆమెతో పాటు వాళ్ల ఊరి మంత్రసాని కూడా బండిలో వెళ్లింది. దారి పొడుగునా ఆ పిల్ల నడుం పట్టుకుని కూర్చున్నది ఆ ముసలామే. లేబర్ రూమ్ గుమ్మం దగ్గర ఆమెను ఆపేసి "నువ్వు బయటికి పో" అన్నారు. లోపల ఆ పిల్లకి ఒక్క ఒడియా ముక్క రాదు, తెలుగూ అంతంతే. కొత్త మిడ్‌వైఫ్ ఆమెను లేచి నడవనివ్వమంటే, స్టాఫ్ నర్సు టేబుల్ మీద పడుకోబెట్టాలంటుంది, ఇద్దరూ ఆ పిల్ల ముందే గొడవపడ్డారు. నాకు ఫోన్ చేసి ఆలస్యంగా పంపావని తిట్టారు. తల్లీ బిడ్డా క్షేమమే. కానీ ఆ మంత్రసాని ఊరికి వెళ్లి ఏం చెప్పాలో అది చెప్పింది, ఇప్పుడు అదే ఊళ్లో ఎనిమిదో నెల ఆమె "నేను ఆసుపత్రికి రాను" అంటోంది. అందరం ఒకే తల్లి కోసం పని చేస్తున్నామని చెప్పుకుంటాం, మరి ఆ తల్లి మన మధ్య ఇలా నలిగిపోతే ఎలా? వీళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి పని నడిపించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎక్కడ మొదలుపెట్టాలి?

లేబర్‌రూమ్‌సిస్టర్ (బరంపురం)

చెల్లీ, నేను స్టాఫ్ నర్సుని, ఈ గొడవలో నువ్వు నా వైపు కూడా వినాలి. నాకు మంత్రసానుల మీద పగ లేదు. కానీ వాళ్ల చేతుల్లో ఆలస్యమై వచ్చిన కేసులు చివరికి చూసేది మేము. మాయ పడలేదని బొడ్డుతాడు పట్టి లాగిన కేసు, బిడ్డ రావడం లేదని పొట్ట మీద బలంగా నొక్కిన కేసు, ఊరి డాక్టరు చేత నొప్పుల ఇంజెక్షన్ ఇంట్లోనే వేయించిన కేసు, ఇవన్నీ చూశాను. కాన్పయ్యాక రక్తం ఆగకపోతే రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు. కొండ దిగి బండి ఎక్కేసరికే ఆ రెండు గంటలు అయిపోతాయి. బిడ్డకి ముర్రుపాలు పిండి పారబోసి తేనె నాకించడం, పుట్టగానే నీళ్లు పోసి ఒళ్లు చల్లబరచడం, ఇవి ఇంకా పూర్తిగా పోలేదు.

ఇక మా సంగతి. రాత్రి డ్యూటీలో లేబర్ రూమ్‌కి ఒక్కరం, ఇద్దరు ముగ్గురు నొప్పుల మీద ఉంటారు, పక్కన ఒక బాలింతకి రక్తం పోతుంటుంది. కేస్‌షీట్ మీద సంతకం నాది. ఏదైనా జరిగితే ఎంక్వైరీలో కూర్చునేది నేను, బంధువులు చొక్కా పట్టుకునేది నన్ను. అలాంటప్పుడు పక్కన ఒకామె వచ్చి నడిపించండి, కూర్చోబెట్టండి అంటే, చెప్పేది మంచిదే అయినా "ఈ సంతకం నువ్వు పెడతావా" అనిపిస్తుంది. అరవడం తప్పే, అది ఒప్పుకోవాల్సిందే. కానీ మనిషి తక్కువ, పని ఎక్కువ ఉన్నచోట పుట్టే కోపాన్ని రకాల మధ్య వైరంగా చూస్తే సగమే అర్థమవుతుంది.

మంత్రసాని గురించి మాత్రం ఒక మాట అడుగుతాను. ఆమె కాన్పు చేయకూడదని అందరం అంటున్నాం కదా, మరి ఆమె ఏం చేయాలో ఎవరైనా చెప్పారా? నాకు అదే తెలియదు.

వంశధార

గుణుపురం దగ్గర మాది. నేను ఆశాని, మా అమ్మమ్మ మంత్రసాని. పైన సిస్టర్ గారు చివర్లో అడిగిన ప్రశ్న దగ్గరే మా ఇంటి బాధంతా ఉంది.

అమ్మమ్మకి 1970ల చివర్లో సర్కారు వాళ్లే ట్రైనింగ్ ఇచ్చారు. దేశమంతా దాయిలకి శిక్షణ అని నడిచిన రోజులవి. చేతులు సబ్బుతో కడుక్కో, కొత్త బ్లేడు వాడు, ఉడికించిన దారంతో బొడ్డు కట్టు, శుభ్రమైన గుడ్డ పరుచు, బొడ్డు మీద పేడ, బూడిద పెట్టకు. ఈ నియమాలు ఆమె చచ్చేదాకా మర్చిపోలేదు, కోడళ్లకి కూడా నేర్పింది. ఒక డబ్బా ఇచ్చారు, దాన్ని దేవుడి గూట్లో పెట్టుకుంది. ఆ తర్వాత ఒకరోజు వచ్చి, ఇకమీద నువ్వు ముట్టుకోకు, కాన్పు ఆసుపత్రిలోనే అన్నారు. 2005లో జననీ సురక్ష పథకం వచ్చింది. పల్లెలో ఆసుపత్రి కాన్పుకి తల్లికి 1,400, ఆశాకి 600. మంత్రసానికి ఏమీ లేదు. అంతకుముందు ఆమెకి ఒక చీర, కొలిచి ఇచ్చే బియ్యం, కొంత డబ్బు వచ్చేవి, అదీ పోయింది. ఒకే ఇంట్లో అమ్మమ్మకి వచ్చేది ఆగిపోయి నాకు రావడం మొదలైంది. ఆమె నాతో చాలాకాలం సరిగ్గా మాట్లాడలేదు. నేను తప్పు చేశానని కాదు, ఆమెకి ఎవరూ సమాధానం చెప్పలేదని ఆమె బాధ. ముప్పై ఏళ్లు ఊరందరి బిడ్డల్ని పట్టిన మనిషికి కృతజ్ఞతగా ఒక్క మాట చెప్పి పంపించలేదు.

"మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి" అని మన సామెత. మహేంద్రతనయ అప్పా, మీరు చెప్పిన ముసలామె అదే నమ్మి బండి ఎక్కింది, నడుం పట్టింది. గుమ్మం దగ్గర వెళ్లగొట్టారు. ఊళ్లో ఆమె మాట ఆశా మాట కన్నా, ఏఎన్ఎం మాట కన్నా బలంగా నడుస్తుంది. ఆ మనసు విరిచాక ఆసుపత్రికి రమ్మని ఎంత చెప్పినా పని జరగదు. మీరు ముందు ఆమె ఇంటికి వెళ్లండి. మీటింగ్ తర్వాత.

రిటైర్డ్ ఎల్‌హెచ్‌వీ, కోరాపుట్

నేను ఏఎన్ఎంగా చేరి, లేడీ హెల్త్ విజిటర్‌గా రిటైర్ అయ్యాను. ఇప్పటి పిల్లలకి తెలియదని కొంత పాత సంగతి చెప్తాను.

ఏఎన్ఎం అంటే మొదట్లో కాన్పు మనిషే, ఆ పేరులోనే ఉంది. రెండేళ్ల కోర్సు, అందులో పెద్ద భాగం ప్రసూతి. 1973లో సర్కారు వేసిన కర్తార్ సింగ్ కమిటీ బహుళ ప్రయోజన కార్యకర్తలు కావాలంది, దాంతో మేం మలేరియా నుంచి కుటుంబ నియంత్రణ దాకా అన్నీ చూసే మనుషులమయ్యాం. 1977లో కోర్సు ఏడాదిన్నరకి తగ్గింది. మా చేతిలో నైపుణ్యం తగ్గించింది ఎవరో మీకే అర్థమవుతుంది. మళ్లీ ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత, ఏఎన్ఎంలకి కాన్పు సరిగా రావడం లేదని మూడు వారాల ఎస్‌బీఏ (నైపుణ్యంగా కాన్పు చేసే) ట్రైనింగ్ పెట్టారు, రక్తం పోకుండా ఆక్సిటోసిన్, ఫిట్స్‌కి మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు మీరు వేయవచ్చన్నారు. ఇప్పుడు కేంద్రం 2018 గైడ్‌లైన్స్ ప్రకారం పద్దెనిమిది నెలల కోర్సు చేసిన నర్స్ ప్రాక్టిషనర్ మిడ్‌వైఫ్‌లు వస్తున్నారు. మంచిదే. కానీ ఆ కోర్సుకి జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) లేదా బీఎస్సీ నర్సింగ్ చేసి, కాన్పుల అనుభవం ఉన్నవాళ్లకే సీటు. ఏఎన్ఎంకి దారి లేదు. ఇరవై ఏళ్లు కొండల్లో ఒంటరిగా కాన్పులు చేసిన ఏఎన్ఎం, కొత్త మిడ్‌వైఫ్‌ని చూస్తే ఏమనుకుంటుందో నేను చెప్పనక్కర్లేదు. ఈ కోపం వ్యక్తి మీద రాకూడదు, కానీ వస్తుంది.

ప్రతిసారీ ఒక కొత్త రకాన్ని తెచ్చి, పాత రకాన్ని పక్కన పెట్టారు. దాయి మీద ఏఎన్ఎంని, ఏఎన్ఎం మీద స్టాఫ్ నర్సుని, ఇప్పుడు ఆమె మీద మిడ్‌వైఫ్‌ని. ఎవరూ పాత మనిషిని పిలిచి, నీ చేతిలో ఉన్నది ఈమెకి ఇచ్చి వెళ్లు అనలేదు. గొడవ మన గుణాల్లో లేదు, ఈ పద్ధతిలో ఉంది. ఆ మాట మీరు మీటింగ్‌లో మొదటే చెప్తే అందరికీ కొంచెం గుండె తేలికవుతుంది.

కరీంనగర్ మిడ్‌వైఫ్

తెలంగాణలో 2017లో కరీంనగర్‌లో మొదలైన ట్రైనింగ్ గురించి చాలామంది వినే ఉంటారు, ఆ దారిలోనే నేను కూడా వచ్చాను. కాబట్టి ఆ కొత్త సిస్టర్ తరఫున రెండు మాటలు.

మాకు నేర్పేదాంట్లో సగం, పాత మంత్రసానులు చేసిందే. నొప్పుల్లో కదలనివ్వడం, వంగి, చతికిలబడి, ఆమెకి ఎలా వీలైతే అలా కూర్చోనివ్వడం, "ముక్కు, ముక్కు" అని అరవకుండా ఆమె ఒంట్లో వచ్చే తోపు కోసం ఆగడం, బిడ్డ బయటికి రాగానే బొడ్డు కోయకుండా కనీసం ఒక నిమిషం ఆగడం. మాయ పడ్డాక బొడ్డు కోసే అలవాటు చాలా ఊళ్లలో ఉండేది. ఆసుపత్రులు చాలాకాలం వెంటనే కోసేవి. ఇప్పుడు డబ్ల్యూహెచ్ఓ ఆగమంటోంది. అవసరం లేకుండా కింద కోత పెట్టొద్దనీ, పొట్ట నొక్కొద్దనీ కూడా చెప్తోంది. పొట్ట నొక్కే తప్పు ఊళ్లోనే కాదు, కొన్ని ఆసుపత్రుల్లోనూ ఉంది, అది నిజాయితీగా ఒప్పుకుందాం.

మా రాష్ట్రంలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే అని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో వచ్చింది, ఆంధ్రలో 42.4, మీ ఒడిశాలో 21.6. మీ దగ్గర ఇంకా ఆ రోగం అంత ముదరలేదు. లేబర్ రూమ్‌లో సిస్టర్లూ, మిడ్‌వైఫ్‌లూ ఒక్కటైతే మీరు అక్కడే ఆపగలరు.

స్టాఫ్ నర్సు అక్కతో గొడవ విషయానికొస్తే, ఆమె చెప్పిన సంతకం మాట నూటికి నూరు పాళ్లు నిజం. నేను ఏం చేశానంటే, నేను చూసే తల్లికి కేస్‌షీట్ మీద నా సంతకమే పెట్టాను, పరిస్థితి మారిన క్షణం ఎవరికి అప్పజెప్పానో టైమ్‌తో రాశాను. నెల తిరక్కుండానే సగం టెన్షన్ పోయింది. ఇంకోటి, తల్లి ముందు వాదన వద్దు. తేడా ఉంటే బయటికి వచ్చి మాట్లాడుకోండి.

పాతపట్నం_కోడలు

నాది ఏటికి ఇవతల. మీకు నాలుగు రకాలు కదా, మాకు రాష్ట్రం కూడా తోడు. తొలి కాన్పుకి పుట్టింటికి వస్తాం, అది మన ఆనవాయితీ. పుట్టిల్లు ఒడిశాలో, మెట్టినిల్లు ఆంధ్రలో అయితే ఈ ఊరి ఏఎన్ఎం "నీ కార్డు అక్కడిది" అంటుంది, ఆ ఊరి ఆశా "నువ్వు మా లిస్టులో లేవు" అంటుంది. ఒడిశా ఇచ్చే మమత పథకం డబ్బులు ఎక్కడ, జననీ సురక్ష డబ్బులు ఎక్కడ అని తిరుగుడే. నాకు చివరి మూడు నెలల చెకప్ ఈ గందరగోళంలోనే పోయింది. రెండు వైపుల ఏఎన్ఎంలు ఒకరి ఫోన్ నంబరు ఒకరు పెట్టుకుంటే ఇంత బాధ ఉండదు. ఇది కూడా మీటింగ్‌లో పెట్టండి.

జయపురం నుంచి టొరంటో

మాది జయపురం, ఇక్కడ నర్సుగా చేస్తున్నాను. టొరంటో ఉన్న కెనడా రాష్ట్రం ఒంటారియోలో 1994కి ముందు మిడ్‌వైఫ్‌లకి చట్టమే అమల్లో లేదు. నర్సింగ్ చదివి మిడ్‌వైఫరీ నేర్చుకున్నవాళ్లు ఒక సంఘం, ఇళ్లలో కాన్పులు చూసే, చదువు లేకుండా పని నేర్చుకున్నవాళ్లు ఇంకో సంఘం. ఒకరిని ఒకరు నమ్మేవాళ్లు కాదు. ఆ రెండు సంఘాలూ కలిసి ఒకే సంఘమై, ఒకే గొంతుతో అడిగాకే చట్టం వచ్చింది. అప్పటికే పని చేస్తున్నవాళ్లని పక్కన పారేయకుండా, పరీక్షించి, తక్కువ ఉన్నది నేర్పి లోపలికి తీసుకున్నారు.

మీకు పనికొచ్చే సంగతి ఇంకొకటి. ఇక్కడి ఆదివాసుల మిడ్‌వైఫ్‌లకి ఆ చట్టం మినహాయింపు ఇచ్చింది, వాళ్ల సమాజంలో వాళ్ల పద్ధతిలో పని చేసుకోవచ్చు. సిక్స్ నేషన్స్ అనే చోట 1996 నుంచి వాళ్లదే ప్రసూతి కేంద్రం నడుస్తోంది, తమ పిల్లలకి తామే నేర్పుకుంటున్నారు. సవరలకి, కోందులకి అదే చేయమని నేను అనడం లేదు, మీ దగ్గర రోడ్లూ, అంబులెన్సూ వేరు. కానీ ఆ భాష తెలిసిన చేయి లేబర్ రూమ్‌లో ఉండాలన్నది ఎక్కడైనా ఒకటే.

ఐతే అన్నీ తేనె పూసి చెప్పను. చట్టం వచ్చాక కూడా, ఇళ్లలో పని నేర్చుకున్నవాళ్లలో కొందరికి ఆ పరీక్ష అవమానంగానే తోచింది. కలవడం అంటే అందరూ సంతోషంగా ఉండటం కాదు.

లేబర్‌రూమ్‌సిస్టర్ (బరంపురం)

వంశధార చెల్లీ, మీ అమ్మమ్మ గురించి చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. నేను అడిగిన ప్రశ్నకి నేనే కొంత వెతికాను. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రసవ సమయంలో తోడు ఉండనివ్వాలని చెప్పింది, తర్వాత 2017 చివర్లో లేబర్ రూమ్‌ల నాణ్యత పెంచడానికి వచ్చిన లక్ష్య కార్యక్రమంలోనూ అది ఉంది. తోడుగా వచ్చే ఆడమనిషి తనూ కాన్పు అనుభవించినదై ఉండాలి, అంటురోగం ఉండకూడదు, శుభ్రమైన బట్టలు వేసుకోవాలి, సిబ్బంది పనికి అడ్డు రాకూడదు, వేరే తల్లుల జోలికి పోకూడదు. ముఖ్యంగా ఇవే. వీటిలో ఏదీ మంత్రసానికి అడ్డు కాదు. ఆమె నడుం పడుతుంది, వాళ్ల భాషలో ధైర్యం చెప్తుంది, మేం చెప్పింది ఆ పిల్లకి అర్థమయ్యేలా అందిస్తుంది. చేయి లోపలికి పెట్టదు, మందు ఇవ్వదు. ఇలా అయితే నాకు ఆమె భారం కాదు, నాకు లేని రెండో మనిషి.

ఒక్కటి గట్టిగా చెప్పాలి. రక్తం ఎక్కువ పోతే, కళ్లు తేలేస్తే, తలనొప్పీ ఫిట్సూ వస్తే, మన పల్లెల్లో గుర్రపు వాతం అంటారే, అదీ, బిడ్డ చేయో కాలో ముందు కనిపిస్తే, ఇంట్లో ఒక్క నిమిషం ఆగకూడదు. ఈ గుర్తులు మంత్రసానికి నోటికి రావాలి. బండికి ఫోన్ చేసేది ఆమే అయినా సరే, ఆమె పేరు రిఫరల్ చీటీలో రాయండి.

మహేంద్రతనయ

అందరికీ దండాలు. నిన్న ఆ మంత్రసాని ఇంటికి వెళ్లాను. ఒంటరిగా వెళ్లాను, రిజిస్టర్ తీసుకెళ్లలేదు. చాలాసేపు పలకలేదు, తర్వాత ఒకటే అంది, "ఆ పిల్ల నా చేయి అడిగింది, మీరు ఇవ్వనియ్యలేదు" అని. నేను వాదించలేదు. వచ్చే మమతా దివస్‌కి (ఊళ్లో గర్భిణుల చెకప్ రోజుకి) రమ్మని, గర్భిణులకి ఒళ్లు పట్టడం ఎలాగో మాకూ చూపించమని అడిగాను. వస్తానంది. ఎనిమిదో నెల ఆమె విషయం కూడా తనే ఎత్తింది, నెలలు నిండే ముందు ‘మా గృహ’ అనే సర్కారు వసతిలో ఉండటానికి తను తోడు వస్తే ఆ అమ్మాయి ఒప్పుకుంటుందేమో చూస్తానంది. అక్కడ తోడు మనిషికి అన్నం పెడతారా లేదా అన్నది మాత్రం నేను ఆఫీసులో అడగాలి. ఆమె రోజు కూలి ఎలా అన్నదీ నాకు తెలియడం లేదు, అది పంచాయతీలో మాట్లాడతాను. ఒట్టి చేతులతో రమ్మనడం ఇక నావల్ల కాదు.

సిస్టర్ గారూ, ఆ తోడు నిబంధన కాపీ మీ దగ్గర ఉంటే ఫొటో తీసి పంపుతారా? మా ఆసుపత్రి లేబర్ రూమ్ ఇన్‌చార్జికి రాసే కాగితానికి జత చేస్తాను. కొత్త మిడ్‌వైఫ్ సంతకం పెడతానన్నారు.

లేబర్‌రూమ్‌సిస్టర్ (బరంపురం)

ఉంది. రాత్రి డ్యూటీకి వెళ్లాక పంపుతాను. కాగితంలో స్టాఫ్ నర్సుల సంతకాలు కూడా తీసుకో, మిడ్‌వైఫ్‌ది ఒక్కటే ఉంటే మళ్లీ వాళ్లూ మేమూ అవుతుంది. ఏఎన్ఎంలు కేసు పంపేటప్పుడు బండి కదలగానే లేబర్ రూమ్‌కి ఫోన్ చేయాలని, చేస్తే ఎత్తాలని కూడా అందులోనే రాయి.